ప్రభుత్వ వెబ్‌సైట్లు చూసే అధికారులకు: గూగుల్‌లో మీ శాఖ ఎక్కడుందో వెతికి చూశారా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖల ఉన్నతాధికారులకు, ఒక్కో శాఖలో వెబ్‌సైట్ బాధ్యత చూసే అధికారులకు, వాటిని తయారుచేసి నడిపే సాంకేతిక సిబ్బందికి,

నమస్కారం.

సెర్చ్‌లో వెబ్‌సైట్లను పైకి తేవడం నా వృత్తి. బట్టల షాపులు, పళ్ల డాక్టర్లు, కోచింగ్ సెంటర్లు, రియల్ ఎస్టేట్ వెంచర్లు... వీళ్ల కోసం రోజంతా ఇదే పని. జనం ఏం వెతుకుతున్నారు, వాళ్లకు ముందుగా ఏం కనిపిస్తోంది అనేది చూడటమే నా ఉద్యోగం కాబట్టి, ఒక సంగతి మీ చెవిన వేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రభుత్వ సేవ గురించి వెతికితే చాలాసార్లు మీ సైటు కన్నా ముందు ఎవరో ప్రైవేటు వ్యక్తి నడిపే సైటు వస్తోంది. ఆదాయ ధ్రువపత్రం, అడంగల్, పహాణీ లాంటి భూమి రికార్డులు, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ, రేషన్ కార్డు స్టేటస్, ఏదైనా సరే, మీరే ఫోన్ తీసి తెలుగులో కొట్టి చూడండి. ఆఫీసు కంప్యూటర్‌లో మాత్రం వద్దు. రోజూ మీ సైటునే తెరిచే బ్రౌజర్ అది, మీకు మొహమాటంగా మీ సైటునే ముందు పెట్టే అవకాశం ఉంది. ఇన్‌కాగ్నిటోలో, అంటే మీ పాత వెతుకులాటలు గుర్తుపెట్టుకోని విండోలో చూడండి, లేదా ఇంట్లో పిల్లల ఫోన్‌లో చూడండి.

ఇది గూగుల్ కుట్రా కాదు, ఆ ప్రైవేటు వాళ్ల మాయా కాదు. మీరు రాయాల్సిన పేజీని వాళ్లు రాశారు, అంతే.

ఒక ధ్రువపత్రం కావాలనుకున్న మనిషి అడిగేవి నాలుగైదు ప్రశ్నలు. నాకు ఇస్తారా, ఏ కాగితాలు తేవాలి, ఫీజు ఎంత, ఎన్ని రోజులు పడుతుంది, తిరస్కరిస్తే ఎవరిని కలవాలి. దళారీ సైటు తెరిస్తే ఈ నాలుగైదింటికీ జవాబు ఉంటుంది. అందులో సగం తప్పు కావచ్చు, పాత ఫీజే ఉండొచ్చు, మధ్యలో పది ప్రకటనలు ఉంటాయి, అయినా జవాబంటూ ఉంటుంది. శాఖ సైటు తెరిస్తే లాగిన్, పాస్‌వర్డ్, క్యాప్చా. ఆ లాగిన్ వెనకాల ఉన్నదాన్ని గూగుల్ చూడలేదు. దానికి కనిపించేది బయట ఉన్న వాక్యాలే. బయట ఏ వాక్యమూ లేకపోతే మీ సైటును దేనికి చూపించాలో దానికి మాత్రం ఎలా తెలుస్తుంది?

మొన్నామధ్య మా బాబాయి పోయాక బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి పిన్నికి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చింది. తమ్ముడు ఫోన్‌లో వెతికాడు. పైన వచ్చిన సైటు మీద రాజముద్ర ఉంది, రంగులు కూడా అచ్చం ప్రభుత్వ సైటులాగే ఉన్నాయి. పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు అడిగితే ఇచ్చేశాడు. కాసేపటికి ఒకతను ఫోన్ చేసి ‘ప్రాసెసింగ్’ కోసం డబ్బు పంపమన్నాడు. అసలు సైటు ఆ కిందెక్కడో ఉంది. దాన్ని నొక్కితే ‘సెషన్ ఎక్స్‌పైర్డ్’ అని వచ్చింది. లోపలికే వెళ్లలేదు, సెషన్ ఎప్పుడు అయిపోయిందో మరి. డబ్బు పోలేదు కానీ ఆధార్ నంబరు మాత్రం ఎవరి దగ్గరో ఉండిపోయింది. ఈ పనిలో ఉన్న నా ఇంట్లోనే ఇలా జరిగిందంటే, మొదటిసారి స్మార్ట్‌ఫోన్ పట్టుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

నకిలీ సైట్ల బెడద మీకు తెలియనిదేం కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2023లో ఒక నకిలీ సైటు మీద ఫిర్యాదు చేసింది. అసలు చిరునామా అప్పట్లో తిరుపతిబాలాజీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. నకిలీవాళ్లు ఆ చుక్కల స్థానంలో అడ్డగీతలు పెట్టి, చివర ‘ఇన్’ బదులు ‘ఆర్గ్’ అని పెట్టుకున్నారు. గబుక్కున చూస్తే పట్టుకోలేం. అది 41వ నకిలీ సైటని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. దేవస్థానం ఊరుకోలేదు, కేసులు పెట్టింది, సైట్లు మూయించింది. కానీ ఒకటి మూస్తే ఇంకొకటి పుడుతుంది. ఒక డొమైన్, అంటే సైటు చిరునామా, కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వాళ్లను మూయించడం ఎంత ముఖ్యమో, అసలైన సైటు వెతికిన ప్రతి మాటకూ పైన కనిపించేలా చూడటం అంతే ముఖ్యం. భక్తుడు మొదటి ఫలితాన్నే నొక్కుతాడు, ఆరోదాన్ని కాదు.

ఈ ఉదాహరణలోనే ఇంకో పాఠం కూడా ఉంది. దేవస్థానం ఆన్‌లైన్ సేవలు మొదట ఒక డాట్ కామ్ చిరునామాలో ఉండేవి, 2020లో పైన చెప్పిన గవ్ డాట్ ఇన్‌కు మారాయి, 2024 జనవరిలో మళ్లీ టీటీదేవస్థానమ్స్ అనే కొత్త పేరుకు మారాయి. మారడానికి మంచి కారణాలే ఉన్నాయి. గవ్ డాట్ ఇన్ ప్రభుత్వాలకు మాత్రమే ఇస్తారు కాబట్టి నమ్మకం ఎక్కువ. అయితే చిరునామా మారిన ప్రతిసారీ, ఏది అసలో ఏది నకిలీయో జనానికి అర్థంకాని కొన్ని నెలలు వస్తాయి. నకిలీవాళ్లకు పండగ ఆ నెలల్లోనే.

మన రెండు రాష్ట్రాల్లో ఈ మార్పులు మామూలే. 2014లో రాష్ట్రంతో పాటు వెబ్‌సైట్లనూ పంచుకున్నాం. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. 2022లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. పథకాల పేర్లు ప్రభుత్వంతో పాటే మారతాయి. 2020లో తెలంగాణలో భూమి రికార్డుల కోసం వచ్చిన ధరణి 2025లో భూభారతి అయింది. పేరు మార్చడం మీ చేతుల్లో లేదు, ఒప్పుకుంటాను. కానీ పాత చిరునామా కొట్టినవాళ్లను నేరుగా కొత్త పేజీకి పంపే ఏర్పాటు మీ చేతుల్లోదే. దాన్ని శాశ్వత రీడైరెక్ట్ అంటారు, సాంకేతిక సిబ్బందికి 301 అంటే చాలు. పాత సైటు ఏళ్ల తరబడి సంపాదించుకున్న విలువను గూగుల్ కొత్త సైటుకు బదిలీ చేసేది దీని ద్వారానే. కనీసం ఏడాది పాటు ఉంచమని గూగులే చెబుతుంది. నన్నడిగితే ఎప్పటికీ ఉంచమంటాను. పంచాయతీ ఆఫీసుల్లో, మీసేవ కేంద్రాల్లో అతికించిన పాత పోస్టర్లను ఎవరూ చింపరు కదా. ఒక్క విషయం, పాత పేజీలన్నింటినీ కొత్త హోమ్ పేజీ మీదకు తోసేయొద్దు. పాత ఈసీ పేజీ కొత్త ఈసీ పేజీకే వెళ్లాలి. కొత్త పేజీలో ‘గతంలో ధరణి’ లాంటి ఒక ముక్క ఉంటే ఇంకా మేలు. జనం పాత పేరుతోనే చాలాకాలం వెతుకుతారు.

ఇక అన్నిటికన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టే విషయం, స్కాన్ చేసిన కాగితాలు.

ఒక ఉత్తర్వు కంప్యూటర్‌లోనే టైపవుతుంది. దాన్ని ప్రింట్ తీస్తారు, సంతకం చేస్తారు, ముద్ర వేస్తారు, ఆ కాగితాన్ని కొంచెం వంకరగా స్కాన్ చేస్తారు, ‘స్కాన్0001’ అనే పేరుతో సైటులో పెడతారు. దానికి ఇచ్చే లింకు మీద ‘క్లిక్ హియర్’ అని ఉంటుంది, పక్కన ‘న్యూ’ అని ఎర్రగా మినుకుమినుకుమంటూ ఉంటుంది, అది పెట్టి మూడేళ్లయినా సరే. అందులో ఏముందో గూగుల్‌కు ఎలా తెలియాలి? ఫైలు పేరు ఏమీ చెప్పదు, లింకు ఏమీ చెప్పదు, లోపల ఉన్నది అక్షరాలు కాదు, బొమ్మ. బొమ్మలోంచి అక్షరాలు చదివే సాంకేతికత ఉన్న మాట నిజమే. కానీ తెలుగు ఒత్తుల మీద ఊదారంగు ముద్ర పడ్డాక దాన్ని నమ్ముకోవడం కష్టం. కంప్యూటర్‌లో టైపైన ఆ మొదటి ఫైలును డిజిటల్ సంతకంతో అలాగే పీడీఎఫ్ చేసి పెడితే ఈ గొడవే ఉండదు. లింకు మీద ‘క్లిక్ హియర్’ తీసేసి, ఆ ఉత్తర్వు దేని గురించో ఒక్క వాక్యం రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టులో జీవోలను ఎప్పటిలా ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ పెట్టడం సంతోషం. పెట్టినవి వెతికితే దొరకాలి కూడా.

ఆ మొదటి ఫైలు ‘అను’ అనే పాత డీటీపీ ఫాంట్లలో టైపై ఉంటే మాత్రం పని రెట్టింపు. చూడటానికి తెలుగులాగే కనిపిస్తుంది. ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేయండి, ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు కలగాపులగంగా వస్తాయి. గూగుల్ చదివేది ఆ కలగాపులగాన్నే. అన్ని భాషల అక్షరాలనూ ఏ కంప్యూటరైనా ఒకేలా చదివేలా చేసే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 1991లో, మొదటి వెర్షన్‌లోనే చోటు దొరికింది. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న, గురజాడ లాంటి యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయినా డీటీపీ ఆపరేటర్‌కు అలవాటైన కీబోర్డు కోసం ఒక శాఖ తెలుగంతా సెర్చ్‌కు అందకుండా పోతోంది. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 8.1 కోట్ల మంది. ఆ జనం కోసం రాసిన ఉత్తర్వు ఆ జనం వెతికితే దొరకకపోవడం అన్యాయం. చూపు లేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు కూడా ఇదే అవస్థ, స్కాన్ బొమ్మలో అది చదవడానికి ఏమీ ఉండదు. కేంద్రం 2009లోనే తెచ్చిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు, 2023లో వచ్చిన వాటి మూడో కూర్పు ఈ మాటే చెబుతున్నాయి. కొత్తగా నియమాలు ఎవరూ పెట్టక్కర్లేదు.

పేజీ శీర్షికల సంగతి. గూగుల్ ఫలితాల్లో నీలం రంగులో పెద్దగా కనిపించే ఆ లైను సాధారణంగా మీరు పేజీకి పెట్టిన టైటిలే. చాలా శాఖల సైట్లలో ప్రతి పేజీకీ ఒకటే టైటిల్, ‘హోమ్’ అనో ‘వెల్‌కమ్’ అనో. కొన్నిచోట్ల ఇప్పటికీ ‘అన్‌టైటిల్డ్ డాక్యుమెంట్’ అని ఉంటుంది, అంటే ఆ పేజీ తయారుచేసిన రోజు నుంచి ఎవరూ అటు చూడలేదన్నమాట. దాని బదులు ‘ఆదాయ ధ్రువపత్రం: దరఖాస్తు, ఫీజు, స్టేటస్ - రెవెన్యూ శాఖ’ అని పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? మొదటి పేరాలో ఇలా రాయొచ్చు: ‘ఆదాయ ధ్రువపత్రం (ఇన్‌కమ్ సర్టిఫికెట్) కోసం మీ దగ్గర్లోని సచివాలయంలో గానీ మీసేవ కేంద్రంలో గానీ దరఖాస్తు చేసుకోవచ్చు. కావాల్సిన కాగితాలు, ఫీజు, గడువు కింద ఉన్నాయి.’ అంతే. ఇందులో ఏ మాయా లేదు. ఆఫీసు మాట ఒకటి, జనం మాట ఒకటి, రెండూ ఒకే పేజీలో సహజంగా ఉండాలి. తెలుగు పేజీకి, ఇంగ్లిష్ పేజీకి వేర్వేరు చిరునామాలు ఉండాలి. పైన మూల ఒక బటన్ నొక్కితే అదే చిరునామాలో అక్షరాలు మాత్రమే మారే పద్ధతిలో కట్టిన సైటుకు తెలుగు పేజీ ఉందని గూగుల్‌కు తెలిసే దారి లేదు.

చిన్న చిన్నవి కొన్ని గబగబా చెప్పేస్తాను. సైటు తయారీలో ఉన్నప్పుడు గూగుల్ లోపలికి రాకుండా ‘రోబోట్స్’ అనే ఫైలులో ‘డిస్‌అలో’ అని రాసి, పక్కన ఒక్క స్లాష్ పెడతారు. సైటు ప్రారంభోత్సవం అయ్యాక దాన్ని తీయడం మర్చిపోతే ఆ ఒక్క స్లాష్ మొత్తం సైటుకు తాళం. హోమ్ పేజీలో పెద్దల ఫొటోలు ఉండొచ్చు, కానీ ఒక్కొక్కటీ ఫ్లెక్సీకి పంపే సైజులో ఉండక్కర్లేదు, పల్లెలో సిగ్నల్ రెండు గీతలే ఉంటుంది. సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోతే జనానికి కనిపించేది ఎర్ర హెచ్చరిక, వెంటనే వెనక్కి పోతారు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మైక్రోసాఫ్టే 2022 జూన్‌లో సాగనంపింది, ‘ఎక్స్‌ప్లోరర్‌లో చూడండి’ అనే పట్టీని మీరూ సాగనంపండి.

ఇంకొకటి మాత్రం చిన్నది కాదు. గూగుల్‌లో ‘సైట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ లేకుండా మీ సైటు చిరునామా రాసి వెతకండి. మీ సైటులో గూగుల్‌కు తెలిసిన పేజీలు వస్తాయి. దాని పక్కనే ‘రమ్మీ’ అనో ‘బెట్టింగ్’ అనో చేర్చి మళ్లీ వెతకండి. ఏమీ రాకపోతే మంచిదే. వస్తే ఎవరో లోపలికి దూరి మీ సైటులో దొంగ పేజీలు పెట్టారని అర్థం. 2024లో దేశంలో చాలా రాష్ట్రాల ప్రభుత్వ సైట్లలో ఇలా బెట్టింగ్ లింకులు బయటపడ్డాయి. ప్రభుత్వ సైట్లే ఎందుకంటారా? మంచి పేరున్న సైటు నుంచి వచ్చే లింకుకు సెర్చ్‌లో బరువు ఎక్కువ. 1998లో గూగుల్ పుట్టిందే ఆ సూత్రం మీద. పత్రికలు, కాలేజీలు, విశ్వవిద్యాలయాలు మీకు లింకులు ఇస్తాయి. మేం ఒక చీరల షాపుకు ఒక్క మంచి లింకు తేవడానికి నెలల తరబడి తిప్పలు పడతాం. మీకు అవి అడగకుండానే వచ్చాయి. ఇంత బలం చేతిలో ఉండి కూడా మీరు రెండో పేజీలో ఉన్నారంటే, ఆ బలాన్ని దొంగలు వాడుకుంటున్నారు గానీ మీరు వాడుకోవడం లేదు.

ఇది చదివి ఎవరైనా ‘అయితే ఒక ఏజెన్సీకి టెండర్ పిలుద్దాం’ అంటారని భయంగా ఉంది. మా వృత్తివాళ్ల గురించి నేనే చెప్పాల్సి రావడం ఇబ్బందే, అయినా చెబుతాను. ‘మొదటి ర్యాంకు గ్యారంటీ’ అన్నవాళ్లను గుమ్మం బయటి నుంచే పంపేయండి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా చెబుతుంది. ‘వెయ్యి బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైటుకు లింకులు) కొనిస్తాం’ అంటే అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, 2012లో గూగుల్ తన ర్యాంకింగ్‌లో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పు నుంచి అలాంటి సైట్లు కిందికి పోతూనే ఉన్నాయి. ‘మెటా కీవర్డ్స్’, అంటే పేజీ కోడ్‌లో దాచిపెట్టే మాటల జాబితా, నింపుతామంటే నవ్వండి, ర్యాంకింగ్‌కు వాటిని చూడబోమని గూగుల్ 2009లోనే చెప్పేసింది. మీకు కావాల్సింది మా ఏజెన్సీలు కాదు. మీ శాఖలో విషయం తెలిసిన ఒక సూపరింటెండెంట్, శుభ్రంగా తెలుగు రాయగలిగిన ఒక మనిషి, ఆ రాసినదాన్ని మరునాడే సైటులో ఎక్కించే అధికారం ఉన్న ఇంకో మనిషి. మూడో మనిషి దొరకడమే కష్టమని విన్నాను. చాలాచోట్ల ఒక ఫోన్ నంబరు మార్చాలన్నా ఫైలు కదలాలట.

డబ్బు ఖర్చు లేకుండా ముందుగా చేయాల్సింది సెర్చ్ కన్సోల్‌లో మీ సైటును నమోదు చేయడం. గూగుల్ దీన్ని ఉచితంగా ఇస్తుంది. సైటు మీదేనని నిరూపించడానికి చిన్న ఫైలు ఒకటి పెట్టాలి, అంతే. జనం ఏ మాటలతో వెతికితే మీ సైటు కనిపించింది, ఎన్నో స్థానంలో కనిపించింది, ఎంతమంది నొక్కారు, 16 నెలల లెక్క అందులో ఉంటుంది. సోమవారం ప్రజావాణిలో అర్జీలు ఎలా చూస్తారో, ఈ జాబితాను నెలకొకసారి అలా చూడండి. ఫలానా పథకం డబ్బు ఎందుకు పడలేదు, ఫలానా కార్డులో పేరు ఎలా మార్చాలి, అన్నీ జనం తమ మాటల్లోనే అడిగి ఉంటారు. మీ సైటు వేలసార్లు కనిపించినా ఎవరూ నొక్కని ప్రశ్నలు ఏవో చూసుకుంటే, ముందు రాయాల్సిన పేజీలు అవే. ఇప్పుడు ఫలితాలకన్నా పైన ఏఐ జవాబులు కూడా వస్తున్నాయి, అవీ ఇలాంటి పేజీల్లోంచే ఏరుకుంటాయి. మీ పేజీ లేకపోతే దళారీ రాసినదే జవాబుగా వస్తుంది, అది తప్పయినా సరే.

మొదలుపెట్టడానికి ఒక పేజీ చెబుతాను. పదో తరగతి ఫలితాలు. ప్రతి వేసవిలో లక్షల ఇళ్లలో ఒకేరోజు ఒకే టెన్షన్. ఏటా కొత్త లింకు, కొత్త చిరునామా పెట్టకండి. అన్ని సంవత్సరాలకూ పనికొచ్చే ఒకే చిరునామా పెట్టి, లోపల సంవత్సరం మాత్రం మార్చుకుంటూ పొండి, అప్పుడు నిరుడు వచ్చిన విలువ ఈ ఏడాదికీ మిగులుతుంది. పరీక్షలు మొదలవకముందే ఆ పేజీ సైటులో ఉండాలి: ఫలితాలు ఇక్కడే వస్తాయి, హాల్ టికెట్ నంబరు దగ్గర పెట్టుకోండి, రీకౌంటింగ్‌కు ఇలా దరఖాస్తు చేయాలి, సప్లిమెంటరీ వివరాలు ఇవి అని. ఫలితాల రోజు ఆ పేజీ బరువు లేకుండా మామూలు అక్షరాలతో ఉంటే, సర్వర్ తడబడినా అదైనా తెరుచుకుంటుంది.

ఈ పని తెలిసినవాళ్లు మీ జిల్లా ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) కార్యాలయాల్లోనే ఉన్నారు. ఇంకో చెయ్యి కావాలంటే మా వృత్తిలో వచ్చి కూర్చునేవాళ్లు విజయవాడలోనూ దొరుకుతారు, అమీర్‌పేటలోనూ దొరుకుతారు. నా మటుకు నేను ఫీజు అడగను.

ఇట్లు,
సెర్చ్ ర్యాంకింగుల పనితో బతికే ఒక తెలుగు పౌరుడు